బోమాయ్ దవడ

మే 3

గెలిచాం. ఆరు పాయింట్ల తేడా. చివరి ట్రై నాది. నాది అంటే గీత దాటి బంతిని నేలకు తాకించింది నేను, దారి తీసింది బోమాయ్. పడినవాడు కాలితో వెనక్కి నెట్టిన బంతిని తీసి, అటు చూస్తూ ఇటు అందించాడు. ముగ్గురు మోసపోయారు. నేను చెయ్యాల్సిందల్లా బరువుగా పరిగెత్తడం. అది నాకు చేతనవును.

రగ్బీ మైదానం గోడల మీదా చెట్ల మీదా జనమే. బస్సు గేటు దాటేలోపు ఎవరో కిటికీలోంచి పచ్చి వక్కల గుత్తి విసిరారు. బోమాయ్ ఒళ్లో పడింది. కోచ్ గవేరా ముందు సీటులోంచి వెనక్కి తిరక్కుండానే, "అది నమిలినవాడు రేపు ఎండలో మైదానం చుట్టూ పరిగెడతాడు" అన్నాడు. బోమాయ్ గుత్తి తీసి నా ఒళ్లో పెట్టాడు.

"మా బావకట సార్. ట్రై కొట్టాడుగా, నోరు ఊరుతోందట."

ఆట తర్వాత ఒక విలేకరి మమ్మల్ని ఒకే ఊరివాళ్లా అని అడిగాడు. కాదని ఇద్దరం ఒకేసారి అన్నాం. మధ్యలో ఏరుంది. మా ఇంటి ముందు నిలబడితే వాళ్ల పొయ్యిల పొగ కనబడుతుంది. పిల్లనిచ్చి పుచ్చుకునేది వాళ్లతోనే, తాతల కాలంలో కొట్టుకున్నదీ వాళ్లతోనే. బోమాయ్ మేనత్త మా చిన్నాన్న భార్య. అందుకే బావ అంటాడు. కానీ మేమిద్దరం మొదటిసారి ముఖాలు చూసుకున్నది రాజధాని మోర్స్బీలో, జట్టు వసతిలో ఈ గదిలో, రెండేళ్ల కిందట.

ఆగస్టులో ఇంగ్లండ్ నుంచి ఒక క్లబ్బు మనిషి ఆటగాళ్లను చూడటానికి వస్తాడట. కోచ్ నా వైపు చూసి చెప్పాడు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. అలాంటి మనిషి ఇంకోసారి నా కోసం రాడు.

మే 12

మోకాలు వాచింది. ఐసు పెట్టాను. ఇంటి నుంచి ఫోను వస్తే తర్వాత మాట్లాడతానన్నాను.

మే 14

అగాథా ఫోను చేసింది. మా కొండల్లోని కుండియావా ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగి, బస్సు కోసం నిలబడి మాట్లాడింది.

"మీ ఊళ్లో లీగు ఫైనల్లో కొట్టుకున్నారు, తెలుసా?"

"ఎవరు గెలిచారు?"

"చూడు, మా ఆయన మొదటి ప్రశ్న! ఎవరూ గెలవలేదు. ఇటువాళ్లకీ కుట్లు వేశాను, ఏటి అవతలివాళ్లకీ వేశాను. మంచాలు చాలక ఒకే బెంచీ మీద కూర్చోబెడితే, సూది గుచ్చుతున్నా ఆపరే. ట్రై అయింది, కాలేదు, ట్రై అయింది, కాలేదు."

మా తమ్ముడు కెరెంగా మూలన దూకి పెట్టిన ట్రై అది. ఇంకో చిన్నాన్న కొడుకు. రిఫరీ ఇచ్చాడు, అవతలివాళ్లు ఒప్పుకోలేదు. ఎవరో ఫోనులో తీసిన వీడియో నాకూ వచ్చింది, బోమాయ్‌కీ వచ్చింది. మంచాల మీద బోర్లా పడుకుని మళ్లీ మళ్లీ చూశాం.

"నేలకి తాకలేదు బావా. కింద మావాడి చెయ్యి ఉంది."

"తాకింది. నీ కళ్లకి మీ ఏటి బురద పట్టింది."

"మీ కెరెంగా జుట్టు తాకింది. జుట్టుకి పాయింట్లిస్తే ఇవ్వండి."

నవ్వుకున్నాం. కెరెంగా జుట్టు నిజంగానే అలా ఉంటుంది, పొదలాగా.

మే 20

ఇవతల రెండు ఇళ్లు, అవతల ఒక ఇల్లు కాలిపోయాయి. పెదనాన్న మోండో ఫోను చేశాడు. ఆయన ఫోనులో కూడా సభలో మాట్లాడినట్టే అరుస్తాడు.

"ఏరా, ఏటి అవతలివాడితో ఒకే గదిలో పడుకుంటున్నావట?"

"జట్టు నియమం పెదనాన్నా. గదులు కోచ్ ఇస్తాడు."

"వాడు వండింది తింటున్నావా?"

"ఇక్కడ వంటమనిషి వండుతాడు."

"వాడు ఎవరివాడు?"

"తీరం వాడు."

"అయితే సరే" అని పెట్టేశాడు.

బోమాయ్‌కి చెబితే నవ్వుతాడనుకున్నాను. చెప్పలేదు.

మే 21

ఈ గొడవకీ నాకూ సంబంధం లేదు. నా పని ఆట.

మే 31

క్వీన్స్‌లాండ్‌లో ఆడి గెలిచి తిరిగొచ్చాం. విమానంలో ఎప్పుడూ పక్కపక్కనే కూర్చుంటాం. ఈసారి నేను వేరే వరుసలో కూర్చున్నాను. మోకాలు చాపుకోవడానికి నడవా పక్క సీటు కావాలి.

జూన్ 9

కెరెంగా పోయాడు.

జూన్ 10

అంగడి నుంచి చిలగడదుంపల బుట్ట మోసుకుని వస్తుంటే రోడ్డు మలుపు దగ్గర కాల్చారు. నాటు తుపాకి. అగాథా ఆస్పత్రికి తెచ్చేసరికే అయిపోయింది. తనే కడిగింది. అదే చెప్పింది, వేరే ఏమీ చెప్పలేదు.

వాడికి ఇరవై రెండేళ్లు. ప్లాస్టిక్ సీసాలో గడ్డి కుక్కి బంతి చేసేవాణ్ని. వాడు నా నడుముకి కూడా రానప్పుడే దాన్ని పట్టుకుని నా కాళ్ల మధ్య నుంచి పారిపోయేవాడు. నేను పట్టుకోగలిగేవాణ్ని. అయినా పోనిచ్చేవాణ్ని.

పొద్దున బోమాయ్ మంచం మీద కూర్చుని కాళ్ల వైపు చూస్తున్నాడు. వాడికీ ఫోను వచ్చినట్టుంది.

"మీ అన్న యోరి ఉన్నాడా అందులో?" అన్నాను.

"తెలీదు."

"తెలీదా, చెప్పవా?"

"తెలీదు బావా."

బావ అనొద్దన్నాను.

మోర్స్బీలో మావాళ్లుండే బస్తీలో టార్పాలిన్ కింద ఏడుపు పందిరి వేశారు. ఆడవాళ్లు ఒళ్లంతా మట్టి పూసుకున్నారు. నేనూ నుదుటికి పూసుకున్నాను. అందరూ నా భుజాలు తడిమి చూశారు. ఇంత ఒళ్లు పెట్టుకుని ఇక్కడేం చేస్తున్నావని ఒక ముసలామె అంది. ఊరికే అంది, తిట్టలేదు.

పెదనాన్న రమ్మన్నాడు. కోచ్ సెలవిచ్చాడు. అగాథా మాత్రం, "రావద్దు. వస్తే నీ చేతిలో ఏదో ఒకటి పెడతారు, నువ్వు వద్దనలేవు. నేను నిన్ను కూడా కడగను" అంది.

వెళ్లలేదు. మోకాలితో ఆ కొండ దారి ఎక్కలేను. ఇంగ్లండ్ మనిషి రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి, దాని గురించి ఆలోచించను కూడా లేదు.

జూన్ 17

శిక్షణలో చిన్న ప్రమాదం. బోమాయ్ దవడ విరిగింది, ఎడమ వైపు. ఇలాంటివి ఈ ఆటలో మామూలే. వాడు ఒంగి ఉన్నాడు. నేను వస్తున్న వేగానికి ఆగలేకపోయాను. మోకాలు మాట వినలేదు.

జూన్ 18

కోచ్ పిలిచాడు. గది తలుపు మూశాడు. ఆయన తలుపు మూయడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆస్పత్రికి వెళ్లొచ్చాను. వాడు జారానన్నాడు. నోరు తెరవలేడు, పళ్ల సందుల్లోంచి అన్నాడు. నువ్వేమంటావ్?"

"వేగంలో..."

"ఒరేయ్ కౌపా, నీ వయసంత కాలం నుంచీ ఈ ఆటలోనే ఉన్నాను. వాడు బంతి ఇచ్చేశాడు. వాడి చేతులు ఖాళీ. నువ్వు అప్పుడు బయల్దేరావు."

నేను మోకాలు రుద్దుకున్నాను.

"మా తీరం వాణ్ని కొట్టుంటే ఈ పూటే నీ సంచి గేటు బయట ఉండేది. ఇది బయటికి పొక్కితే మీ కొండల్లో ఇంకెవరో చస్తారు. అందుకని నోరు మూసుకుంటున్నాను. నీ కోసం కాదు. రెండు వారాలు మోకాలు నొప్పని చెప్పి బయట కూర్చో."

మోకాలు నిజంగానే నొప్పిగా ఉంది.

జూన్ 21

బోమాయ్‌ని గదికి తెచ్చారు. వేరే గది ఇస్తామంటే వద్దన్నాడట. ఎందుకన్నాడో తెలియదు. పై పళ్లూ కింది పళ్లూ కలిపి తీగలు కట్టారు. ముఖం బొప్పాయి పండులా ఉంది. స్ట్రాతో జావ తాగుతున్నాడు.

డాక్టరు అమ్మాయి నా చేతికి ఒక చిన్న కట్టర్ ఇచ్చింది. "గదిలో ఉండేది మీరే కదా? వాంతి వచ్చిందనుకోండి, నోరు తెరుచుకోదు, ఊపిరాడదు. వెంటనే ఈ తీగలు కత్తిరించాలి. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ." వేలితో చూపించింది. బోమాయ్ కళ్లు నా వైపు ఉన్నాయి. సరేనన్నాను.

వాడి మంచం తల దగ్గర గోడకు మేకు ఉంటే దానికి తగిలించాను.

జూన్ 25

ఏమీ లేదు.

జూన్ 29

బోమాయ్ లేకుండా ఓడిపోయాం. బంతి అందించడానికి పెట్టిన కొత్తవాడు ఎవరివైపు చూస్తాడో వాళ్లకే ఇస్తాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కవాడు, "బోమాయ్ ఉంటే ఇది జరిగేదా" అన్నాడు. అవునన్నాను.

జులై 8

మధ్యాహ్నం చేపల పులుసు వడగట్టి ఇచ్చారు. అది పడలేదు. నేను మంచం మీద ఉన్నాను. వాడు లేచి కూర్చుని గొంతు పట్టుకున్నాడు, ముక్కులోంచి వచ్చింది, ముఖం నల్లబడింది. కట్టర్ వెతకడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత కత్తిరించాను. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. పక్కకు తిప్పి వీపు మీద చరిచాను. ఊపిరి వచ్చింది. అంబులెన్సులో నా చొక్కా పట్టుకునే ఉన్నాడు.

జులై 9

అందరూ మెచ్చుకుంటున్నారు. కోచ్ నా భుజం మీద చెయ్యి వేసి తీశాడు. బస్తీ నుంచి ఎవరో ఫోను చేసి, అవతలివాణ్ని ఎందుకు బతికించావని అడిగి, మళ్లీ నవ్వి, "మంచి పని చేశావులే" అన్నారు.

అగాథాకి చెప్పాను. కట్టర్ వెతకడానికి సేపు పట్టిందని కూడా చెప్పాను.

"ఎక్కడ పెట్టావు దాన్ని?"

"మేకుకి. వాడి తల దగ్గర."

"మరి వెతకడం ఏంటి?"

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.

జులై 11

కట్టర్ మేకుకే ఉంది. నేను తగిలించిన రోజు నుంచీ అక్కడే ఉంది. నా మంచం మీద నుంచి కనబడుతుంది.

లేచి నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. వాడు నన్ను చూశాడు, తర్వాత కట్టర్ వైపు చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. చెయ్యి చాచి అడగలేదు.

అంతే రాయగలను.

జులై 13

మళ్లీ తీగలు కట్టి పంపారు. మాట పళ్ల సందుల్లోంచి వస్తుంది, బాగా దగ్గరగా కూర్చుంటేగానీ అర్థం కాదు. వాడే రమ్మన్నాడు. వాడి మంచం మీద కూర్చున్నాను.

"ఆ రోజు నేను బంతి ఇచ్చేశాను."

"అవును."

"చూసి కొట్టావు."

"చూశాను."

"మొన్న ఎంతసేపు నిలబడ్డావ్?"

"తెలీదు."

"నాకు తెలుసు" అన్నాడు. "యోరి ఉన్నాడు. ఆ మలుపు దగ్గర. అదే రోజు సాయంత్రం తెలిసింది నాకు. నీకు చెబుదామని నోరు తెరిచాను, అప్పటికే బావ అనొద్దన్నావు" అన్నాడు.

"ఎవరు కాల్చారు?"

"నలుగురున్నారట. తుపాకి ఒకటే. వాడు కాదంటాడు. నేను నమ్ముతానని చెప్పను, నమ్మనని చెప్పను. మా అన్న."

వంటింట్లోంచి జావ తెచ్చిచ్చాను. స్ట్రా వంగితే సరిచేశాను. ఎప్పుడో చెయ్యాల్సిన పని ఏదో చేసినట్టు నాకేమీ అనిపించలేదు. ఊరికే స్ట్రా సరిచేశాను.

జులై 27

మళ్లీ ఆడుతున్నాను. మోకాలికి సూది వేసి దింపుతున్నారు.

ఆగస్టు 2

బోమాయ్ తీగలు తీసేశారు. నోరు రెండు వేళ్లంత తెరుచుకుంటోంది. మొదటిసారి అడిగింది ఉడికించిన చిలగడదుంప. తింటుంటే దవడ టిక్కు టిక్కుమని శబ్దం చేస్తోంది. "గడియారం మింగాను బావా" అన్నాడు. అలా పిలవమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఆగస్టు 9

ఇంగ్లండ్ మనిషి వచ్చాడు. తెల్లటి మనిషి, ఎర్రగా కాలిపోయి, టోపీ కింద చెమటలు కక్కుతూ మొదటి నుంచి చివరిదాకా నిలబడే చూశాడు. బాగా ఆడాను. పడ్డ ప్రతిసారీ లేచాను. సూది పనిచేసింది. ఆట అయ్యాక చెయ్యి కలిపి రెండు చేతుల్తో ఊపాడు. పెద్ద చేతులు. "చాలా బాగా ఆడావు" అన్నాడు.

అగాథాకి చెప్పాను. అక్కడ మంచు పడుతుందట, మా పాపకి కోటు కొనాలంది.

ఆగస్టు 11

కోచ్ మా ఇద్దర్నీ కలిపి పిలిచాడు. తలుపు తెరిచే ఉంది.

"ఆయన ఏడాదంతా ఆడిన ఆటల వీడియోలు చూశాడు. బోమాయ్ కావాలట. రెండేళ్లకి. సీజన్ చివరి ఆటలో దిగాలి, దెబ్బలు తట్టుకుంటున్నాడో లేదో చూడాలి. అప్పుడు సంతకం."

బోమాయ్ నా వైపు చూడలేదు.

"నా గురించి?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"నీ మోకాలి ఎక్స్‌రే ఫోటో అడిగాడు. పంపాను." కోచ్ గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

ఆగస్టు 12

ఇంగ్లండులో చలి ఎక్కువట. నాకు చలి పడదు. అక్కడ చిలగడదుంపలు కూడా దొరకవు.

ఆగస్టు 13

దొరుకుతాయట. బోమాయ్ కనుక్కున్నాడు.

ఆగస్టు 23

కుండియావా నుంచి రాస్తున్నాను. ఫాదరూ పోలీసు పెద్దా కలిసి రెండు వైపులవాళ్లనూ వంతెన దగ్గరికి పిలిచారు. మమ్మల్నిద్దర్నీ రమ్మని కబురు పెట్టారు. జట్టు చొక్కాలు వేసుకుని రావాలట. కోచ్ టిక్కెట్లు ఇప్పించాడు. "మైక్ ఇస్తే తీసుకోకండి" అన్నాడు.

వంతెన మీద ఇటు మావాళ్లు, అటు వాళ్లవాళ్లు. మధ్యలో పందులు, చెరకు గడలు. అవతల నుంచి కెరెంగా ప్రాణానికి పరిహారంగా ఇచ్చేవి అవి. యోరి లేడు, తనే వెళ్లి పోలీసు స్టేషనులో కూర్చున్నాడట. పెదనాన్న మోండో చాలాసేపు మాట్లాడాడు. నడుముకు ఆకులు కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ, "మా పిల్లాడి జుట్టు పట్టుకుంటే చేతి నిండా వచ్చేది. ఈ పందుల్లో దేని వెంట్రుకలు అలా ఉన్నాయి?" అన్నాడు. అవతలివాళ్లు తలలు దించుకున్నారు. కెరెంగా తల్లి ఒక్కో పందినీ చేత్తో తాకింది. తాకితే తీసుకున్నట్టు.

అప్పుడు అవతలివాళ్లలో ఒకడు బోమాయ్ ముఖం చూసి, "నీ దవడకేమైందిరా? వంకరగా ఉంది?" అని గట్టిగా అడిగాడు. అందరూ తిరిగి చూశారు. నా వైపు కూడా చూశారు.

"ఆటలో జారాను" అన్నాడు బోమాయ్.

"ఎవరి మీద?"

"నేల మీద. ఎవరి మీద పడితే వాళ్ల మీద జారతారా?"

ఎవరో నవ్వారు. నవ్వు పాకింది. అయిపోయింది.

కానీ బోమాయ్ వాళ్లమ్మ నవ్వలేదు. వరసకు నాకు అత్త. ఆకులు పరిచి మాంసం పంచుతున్నప్పుడు, చెరకు గడ అందుకోమని నన్ను వంతెన కిందికి పిలిచింది. నీళ్ల చప్పుడులో ఎవరికీ వినబడదు.

"మీ ఆటలన్నీ చర్చి మిషన్ టీవీలో చూస్తాను. నువ్వు కుడి భుజంతో కొడతావు. ఎదుటివాడికి ఎడమ వైపు తగులుతుంది."

నేను చెరకు గడ పట్టుకుని నిలబడ్డాను.

"నా కొడుకు దవడ, మీ పిల్లాడికి బదులనుకున్నావా?"

"అనుకున్నానేమో అత్తా."

"సరిపోయిందా?"

"లేదు."

"సరిపోదు. మా ఆయన్ని మీవాళ్లు చంపినప్పుడు మా మరిది వెళ్లి మీవాణ్ని ఒకణ్ని పడగొట్టి వచ్చాడు. నాకోసమేనన్నాడు. నన్నడిగుంటే సరిపోదని చెప్పేదాన్ని. ఎవరూ అడగరు."

ఆ సంగతి నాకు తెలుసు. బోమాయ్‌కి అప్పుడు నాలుగేళ్లు. రెండేళ్లు ఒకే గదిలో ఉండి ఆ మాట వాడెప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"పైకి పద. ఎంతసేపు నిలబడితే అంత అనుమానం" అని ముందు నడిచింది.

ఆగస్టు 24

అగాథా దగ్గర ఉన్నాను. అన్నీ చెప్పాను. మేకు సంగతి కూడా. తను గిన్నెలు కడుగుతోంది, ఆపలేదు.

"చివరికి కత్తిరించావు కదా."

"ఆలస్యంగా."

"ఆస్పత్రిలో ఆలస్యంగా వచ్చినవాళ్లనీ లోపలికి రానిస్తాం" అంది. చివరి గిన్నె బోర్లించి, "నాకు ముందే తెలుసు. సిగ్నల్ బాగానే ఉంది ఆ రోజు" అంది.

ఆగస్టు 30

బోమాయ్‌కి డాక్టరు అనుమతి వచ్చింది. మెత్తలు పట్టుకుని ఒక్కొక్కరూ వాడిని గుద్దారు. బాగానే ఉన్నాడు. నా వంతు వచ్చింది. నేను రెండడుగులు వేశానో లేదో వాడు కళ్లు మూసుకుని పక్కకు ఒరిగి బంతి వదిలేశాడు. మళ్లీ వెళ్లాను. మళ్లీ అంతే. కోచ్ ఈల ఊది ఆపేశాడు.

"ఇంగ్లండులో నీలాంటివాళ్లు పదముగ్గురు ఉంటారు" అన్నాడు నాతో.

ఆగస్టు 31

పొద్దున బోమాయ్ నా మంచం తన్ని లేపాడు.

"లే. మైదానానికి పద."

"ఎందుకు?"

"నువ్వే కొట్టాలి. వేరేవాళ్లు కొడితే నాకేం కావట్లేదు. నువ్వొస్తుంటే కళ్లు వాటంతటవే మూతపడుతున్నాయి."

"నేను కొట్టను."

"అడక్కుండా కొట్టావు. నేనడిగినప్పుడు కొట్టవా?" అన్నాడు. కోపంగా లేడు. "కుడి భుజంతో రా. ఎడమ వైపుకి. ఛాతీ మీద కొట్టు, పైకి రాకు."

సగం బలంతో కొట్టాను. కళ్లు మూశాడు. మళ్లీ మళ్లీ కొట్టాను. మళ్లీ మళ్లీ మూశాడు. గడ్డి మీద కూర్చుని ఇద్దరం నీళ్లు తాగాం.

సెప్టెంబరు 4

రోజూ పొద్దున వెళ్తున్నాం. వాడు ఇంకా కళ్లు మూస్తున్నాడు. ఈ మోకాలితో వంద అడుగులు పరిగెత్తి ఒక మనిషిని గుద్దడం, లేవడం, వెనక్కి నడవడం. ఇదేమీ తేలిక కాదు. రాత్రికి మెట్లెక్కలేకపోతున్నాను.

వీడు కళ్లు మూసుకునే ఉంటే ఎక్కడికీ వెళ్లడు అని ఒకసారి అనిపించింది. రాయడం ఎందుకంటే, రాయకపోతే మళ్లీ అనిపిస్తుంది.

సెప్టెంబరు 7

మూశాడు.

సెప్టెంబరు 8

"సగం బలంతో వస్తున్నావు. అదే నా భయం. ఎప్పుడు పూర్తిగా వస్తావో తెలీక మూస్తున్నాను. ఒక్కసారి పూర్తిగా రా" అన్నాడు.

కుదరదన్నాను. కోచ్ దూరం నుంచి చూస్తున్నాడు. ఆపుతాడేమోనని ఆయన వైపు చూశాను. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వెనక్కి వెళ్లి, పూర్తిగా వచ్చాను. గడ్డి, గాలి, వాడి ముఖం. ఎడమ కన్ను ఒక్కసారి రెప్ప కొట్టుకుంది, మళ్లీ తెరుచుకుంది. రెండు కళ్లూ తెరిచి నన్నే చూస్తూ కిందికి ఒంగి నా పక్కటెముకల్లోకి భుజం దింపాడు. ఆకాశం కనబడింది. ఊపిరి కాసేపు ఎక్కడికో పోయింది.

పక్కకు తిరిగి చూస్తే వాడు నిలబడి ఉన్నాడు. బంతి చేతిలోనే ఉంది. లేపడానికి చెయ్యి ఇవ్వలేదు. బంతి చంకలో పెట్టుకుని వెనక్కి నడిచి, గీత దగ్గర తిరిగి నిలబడ్డాడు.

"మళ్లీ రా" అన్నాడు.

సెప్టెంబరు 20

చివరి ఆట. నా మోకాలికి సూది వేయనన్నారు, బెంచీ దగ్గర మామూలు బట్టల్లో కూర్చున్నాను. బోమాయ్ రెండో సగంలో దిగాడు. అవతలి జట్టువాళ్లకు వాడి దవడ సంగతి తెలుసు, తెలిసే వచ్చారు, ఒకడి తర్వాత ఒకడు, ఎడమ వైపుకే. వాడు పడ్డాడు, లేచాడు, బంతి తీశాడు, అటు చూస్తూ ఇటు ఇచ్చాడు. ఆ ఇటు వైపు ఉండాల్సింది నేను. మా కుర్రాడు ఒకడు అక్కడ ఉన్నాడు. వాడికి ట్రై వచ్చింది.

ఓడిపోయాం. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కోచ్ ఫోను పట్టుకుని తలుపు బయట చాలాసేపు మాట్లాడి లోపలికి వచ్చి బోమాయ్‌కి బొటనవేలు పైకెత్తి చూపించాడు.

అక్టోబరు 6

నా మోకాలికి వచ్చే వారం ఆపరేషను. తర్వాత ఆడతానా లేదా అంటే, డాక్టరు అప్పుడు చూద్దామంటాడు, కోచ్ డాక్టరు చెప్పాక చూద్దామంటాడు.

బోమాయ్ విమానం సాయంత్రం. వాళ్లమ్మ కొండల నుంచి పెద్ద బిలుమ్ సంచి అల్లి పంపింది, ఎర్రా నల్లా గీతలది. దాన్లో పట్టినవే తీసుకెళ్తానని మొండికేశాడు. బూట్లు పట్టాయి, కోటు పట్టలేదు. కోటు చేతి మీద వేసుకున్నాడు.

గుమ్మం దగ్గర ఆగాడు.

"బావా, నా మంచం ఎవరికీ ఇవ్వనీకు. రెండేళ్లేగా."

ఆ మంచం కోచ్‌ది. నేనున్న మంచం కూడా కోచ్‌దే. వచ్చే ఏడు ఈ గదిలో ఎవరుంటారో నాకేం తెలుసు.

"ఇవ్వనీయను బావా" అన్నాను.